ఈనె పుల్ల ఆగిన పేజీ

అమ్మాయీ,

సినిమాల మీదా సీరియళ్ళ మీదా అభిమానులు రాసే కథల్లో మంచివి ఏరి, ప్రతి ఆదివారం పదిమందికీ చెప్పబోతున్నావట. మీ నాన్న ఫోను చేసి, "ఫ్యాన్ ఫిక్షన్ అట అన్నయ్యా, అదీ ఒక పనేనా" అని సణిగాడు. 1957లో వచ్చిన మాయాబజార్ వాడు ఎన్నిసార్లు చూశాడో నాకు తెలియదా? వ్యాసుడి భారతంలో శశిరేఖ ఎక్కడుందో చూపించమన్నాను. మాట మార్చాడు.

నాకు మాత్రం నీ కబురు విన్నప్పటి నుంచి సంతోషం సగం, గుబులు సగం. ముప్పై ఏళ్ళు ఊరి గ్రంథాలయంలో కూర్చుని, "ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి" అన్నవారికల్లా ఇచ్చినవాణ్ణి కదా.

రాసినవారి కలం పేరు తప్పకుండా చెప్పు. ఎన్నో భాగం వరకు చూసినవారికి కథ అర్థమవుతుందో చెప్పు. ముగింపు చెప్పకు. కథ పూర్తయిందో లేదో చూసుకో. వారపత్రికల సీరియళ్ళు చించి బైండు చేయించేవాళ్ళం. ఒకదానికి చివరి రెండు వారాలూ దొరకలేదు. అది ఇచ్చినందుకు నేను తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు.

అసలు సంగతి వేరే ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను, నువ్వు పుట్టక ముందు మాట. కోనసీమలో కొబ్బరి తోటలకు తోటలే నేలకొరిగాయి. వేటకు వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. సంక్రాంతి వెళ్ళాక ఒకావిడ వచ్చి, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, చదువుకోవడానికి ఏదైనా ఇవ్వమంది. నాకు ప్రాణమైన నవల తీసి, "చాలా బాగుంటుందమ్మా" అంటూ చేతిలో పెట్టాను. ఆమె భర్త పడవ మీద వెళ్ళి రాలేదని నాకు తెలుసు. నవల మధ్యలో పడవ మునుగుతుందనీ తెలుసు. ఆ రెండూ ఆ క్షణంలో నా బుర్రలో కలవలేదు, అంతే.

నాలుగో రోజు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. గుర్తుకు పెట్టుకున్న కొబ్బరి ఈనె పుల్ల సరిగ్గా ఆ పేజీలోనే ఉంది. "మీరు చదివే ఇచ్చారా?" అంది. గొంతులో కోపం కూడా లేదు. చదివానన్నాను. ఆమె మళ్ళీ గ్రంథాలయం మెట్లెక్కలేదు. కాలువ గట్టున ఎదురుపడితే నేనే తల దించుకునేవాణ్ణి.

అభిమానులు తమ కథలు పెట్టుకునే వెబ్‌సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో కథకు ముందే, ముఖ్య పాత్ర చనిపోతుందనో హింస ఉందనో రాసిపెడతారని పోయిన వేసవిలో నువ్వే చూపించావు. ఆ సంగతులు నీ మాటల్లోనూ చెప్పు. "హెచ్చరికలు ఇవ్వదలచుకోలేదు" అని రచయిత పెట్టిన కథ దగ్గర మరీ జాగ్రత్త. ఏమీ లేదని కాదు దాని అర్థం, ఏదైనా ఉండవచ్చని. చివరిదాకా చదవకుండా ఎవరికైనా చెప్పావో, మీ నాన్న కంటే ముందు నేనే కేకలేస్తాను.

బెదరగొట్టానా? ఏడిపించే కథలు వద్దనడం లేదే తల్లీ. ఆ నవలను తర్వాత కూడా ఎందరికో ఇచ్చాను, "మధ్యలో పడవ మునుగుతుంది" అని ముందే చెప్పి. ఒక్కరూ వద్దనలేదు.

మీ నాన్న చేత ఆత్రేయపురం పూతరేకులు రెండు డబ్బాలు పంపుతున్నాను. మొదటి ఆదివారం జాబితా నాకూ పంపించు. కళ్ళజోడు కొత్తది చేయించుకున్నాను.

మీ పెదనాన్న