తాతగారి పుస్తకం నెట్‌లో పెట్టొచ్చా? – సమాధానం

పర్లాకిమిడి తమ్ముడూ, తాతగారు 1987లో పోయారన్నావు. మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, అంటే 2047 చివరిదాకా పుస్తకం కాపీరైట్ హక్కు వారసులదే. అచ్చేసినాయన ‘నాది’ అంటే చాలదు, తాతగారు సంతకం చేసి రాసిచ్చిన కాగితం చూపించాలి.

కాగితం లేకపోతే నాన్నగారి దగ్గర, మేనత్తల దగ్గర ఒప్పుదల రాయించుకో (కోర్టు గొడవలకన్నా ఇంటి గొడవలే ఎక్కువ). తర్వాత మొదటి పేజీలోనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (ఫలానా షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతి) వేసెయ్. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ నుంచి లైసెన్సుకు సంతకం కూడా అక్కర్లేదు, రాతలో ఉంటే చాలు. బహిరంగ ప్రకటనతో హక్కు పూర్తిగా వదులుకోవచ్చు కూడా, కానీ నేనైతే తాతగారి పేరు వేయాలన్న షరతుండే లైసెన్సే ఎంచుకుంటాను.

పుస్తకంలో చేర్చిన గిడుగు రామమూర్తిగారి వ్యాసానికి బెంగ లేదు. ఆయన 1940లో పోయారు, గడువు ఎప్పుడో తీరింది. ముఖచిత్రం ఎవరు గీశారో మాత్రం కనుక్కో, దాని హక్కు వాళ్లది కావచ్చు.