డాక్టర్ సలహా: గుండెపోటును ఆపలేదంటున్న సీపాప్ మెషీన్ కొనడం ఎందుకు?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపూర్. మా వారికి 52 ఏళ్లు, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. రాయగడ నుంచి విశాఖపట్నానికి లారీ నడుపుతారు. రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. గురక విపరీతం; పగలు టీ గ్లాసు చేతిలో ఉండగానే కునికిపాట్లు పడతారు. స్లీప్ స్టడీ చేయిస్తే నిద్రలో గంటకు 42 సార్లు ఊపిరి అడ్డుపడుతోందని, నిద్రలో మాస్క్ ద్వారా గాలి పంపే సీపాప్ మెషీన్ వాడాలని చెప్పారు. దానివల్ల గుండెపోట్లు తగ్గవని పెద్ద పరిశోధనలోనే తేలిందంటూ మా తమ్ముడు వాట్సాప్‌లో ఒక వార్త పంపాడు. అంత డబ్బు పోసి కొనాలా? బరువు తగ్గించే ఇంజెక్షన్ సరిపోదా?

జవాబు: మీ తమ్ముడు పంపిన వార్త అబద్ధమేమీ కాదమ్మా, అయితే అందులో సగమే ఉంది. 2016లో వెలువడిన ‘సేవ్’ అనే ఆ పరిశోధనలో, అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో వచ్చి, నిద్రలో ఊపిరి అడ్డుపడే స్లీప్ ఆప్నియా కూడా ఉన్న 2,717 మందిని మన దేశంతో సహా ఏడు దేశాల నుంచి తీసుకుని, చీటీ వేసినట్టు రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి మామూలు వైద్యంతో పాటు సీపాప్ కూడా ఇచ్చి, సగటున 3.7 ఏళ్లు గమనించారు. గుండెపోటు, పక్షవాతం వంటివి రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకేలా వచ్చాయి.

ఇక వార్తలో రాని సంగతి. పగటిపూట తీవ్రంగా నిద్ర ముంచుకొచ్చేవారిని, నిద్రమత్తు వల్ల ప్రమాదం జరిగే అవకాశం ఉన్నవారిని ఆ పరిశోధనలో చేర్చుకోనేలేదు. అలాంటివారిని ఏళ్ల తరబడి మెషీన్ లేకుండా ఉంచడం ధర్మం కాదు కదా. టీ గ్లాసు పట్టుకునే కునికే లారీ డ్రైవరు ఆ 2,717 మందిలో ఉండే అవకాశం లేదు కాబట్టి, ఆ ఫలితాన్ని తెచ్చి మీ వారికి అంటగట్టడం సరికాదు. పైగా మెషీన్ ఇచ్చినవారు దాన్ని రాత్రికి సగటున 3.3 గంటలే పెట్టుకున్నారు. నిద్రలో గొంతు వెనుక కండరాలు సడలి మూసుకుపోయే దారిని గాలి ఒత్తిడితో తెరిచి ఉంచడమే సీపాప్ చేసే పని. మాస్క్ తీసిన మరుక్షణం ఆ దారి మళ్లీ మూసుకుపోతుంది. ఎక్కువ గంటలు వాడినవారికి మేలు జరిగిందన్న విశ్లేషణలు లేకపోలేదు గానీ, మాస్క్ శ్రద్ధగా పెట్టుకునేవారు మాత్రలూ శ్రద్ధగానే వేసుకుంటారు కాబట్టి వాటిని నేను పూర్తిగా నమ్మను. అంత తక్కువ వాడకంలోనూ గురక, పగటి నిద్రమత్తు తగ్గాయని, మనసు కుదుటపడిందని అదే పరిశోధన చెప్పింది. మీ వారికి ముందుగా కావలసింది ఆ నిద్రమత్తు తగ్గడమే.

ఇంజెక్షన్ విషయానికొస్తే, బరువు తగ్గించే టిర్జెపటైడ్ మందుపై 2024లో వెలువడిన పరిశోధనలో 469 మందికి ఏడాది పాటు మందో, ఉత్తుత్తి సూదో ఇవ్వగా, మందు తీసుకున్నవారిలో ఊపిరి అడ్డుపడటం గంటకు సగటున 25 నుంచి 29 సార్లు తగ్గింది. మంచి ఫలితమే. కానీ వారంతా బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క) 30 గాని అంతకు మించి గాని ఉన్నవారు, సగటు 39 దాకా ఉంది. మీ వారిది 30కి కాస్త లోపే. పైగా ఆ ఫలితం ఏడాది గడిచాక చూసినది, ఆయన స్టీరింగ్ పట్టేదేమో రేపే. గుండె డాక్టరుతో మాట్లాడి తరువాత ఆలోచించవచ్చు గానీ, మెషీన్‌కు బదులుగా మాత్రం కాదు.

కాబట్టి మెషీన్ తీసుకోండి. వీలైతే ముందు అద్దెకు తీసుకుని, ముఖానికి సరిపడే మాస్క్ ఏదో చూసుకోండి, ఎందుకంటే చాలామంది మెషీన్‌ను మూలన పడేసేది మాస్క్ బిగుతు వల్లా, గాలి లీకు వల్లా. కరెంటు పోతే ఊపిరాడదేమోనన్న భయం వద్దు. మాస్క్‌కు గాలి బయటకు పోయే రంధ్రాలుంటాయి. ఇన్వర్టర్ మీద నడిపేటప్పుడు నీటిని వేడిచేసే హ్యుమిడిఫయర్ ఆపేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. మద్యం, డాక్టరు రాయని నిద్రమాత్రలు వద్దు. బీపీ, గుండె మాత్రలు ఆపకూడదు.

పగటి మత్తు తగ్గిందని డాక్టరు చూసి చెప్పేదాకా ఆయన లారీ ఎక్కకూడదు. ఇల్లు గడవడం కష్టమని తెలిసే చెబుతున్నాను. ఈ కొన్ని వారాలు లోడింగ్ దగ్గరో, గోడౌన్‌లోనో పని ఇమ్మని యజమానిని అడగండి. నెల తరువాత డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మెషీన్‌ను కూడా తీసుకెళ్లండి. ఏ రాత్రి ఎన్ని గంటలు వాడారో, ఇంకా ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో అందులో నమోదై ఉంటుంది.