బల్గేరియాకు ఏ నెలలో వెళ్లాలని అడిగిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. బల్గేరియా చూడాలని ఉందని, ఏ నెలలో వెళితే బాగుంటుందో చెప్పమని అడిగావు. ఎండనూ చలినీ విమాన టికెట్ల ధరనూ చూసి ఒక నెల పేరు చెప్పడం తేలికే. కానీ సోఫియాలో 22 ఏళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాడిగా నేను నీకు చెప్పదలచుకున్నది వేరు. ముందు ఏ పండుగ చూడాలో తేల్చుకో, నెల దానంతట అదే తేలుతుంది. అక్కడి మఠాలు, కోటలు, నల్ల సముద్రం నువ్వు ఎప్పుడు వెళ్లినా ఉంటాయి. ఒక ఊరంతా నిప్పుల చుట్టూ చేరే రాత్రి మాత్రం ఏడాదికి ఒక్కసారే వస్తుంది.

తేదీల విషయంలో మొదటే జాగ్రత్త చెబుతాను. బల్గేరియా ఆర్థొడాక్స్ చర్చి 1968లో తన స్థిర తేదీల పండుగలను కొత్త క్యాలెండర్‌కు మార్చుకుంది. అయినా కొన్ని ఊళ్లు, కొన్ని ఆచారాలు పాత లెక్కను, అంటే జూలియన్ క్యాలెండర్‌ను, వదలలేదు. రెండింటికీ మధ్య తేడా 13 రోజులు. ఉదాహరణకు ద్రాక్షతోటలకు, ద్రాక్షసారాయికి అధిదేవత లాంటి త్రిఫోన్ జరెజాన్ పండుగను కొందరు ఫిబ్రవరి 1న చేసుకుంటే, కొందరు ఫిబ్రవరి 14న తీగలు కత్తిరించి మోడు మీద ద్రాక్షసారాయి చిలకరిస్తారు. పంచాంగాలు కలవక ఒకే పండుగను మన వీధిలో ఒకరు ఈరోజు, ఒకరు రేపు చేసుకోవడం నువ్వు చూసినదే కనుక ఇది నీకు కొత్తగా అనిపించదు. నాకు మాత్రం తెలియక మొదటి ఏడాదే దెబ్బ తగిలింది. సెయింట్ కాన్‌స్టంటైన్, సెయింట్ హెలెనాల పండుగ మే 21 అని ఎక్కడో చదివి, ఆ రోజుకు సెలవు పెట్టి, స్ట్రాంజా కొండల్లోని బల్గరి అనే చిన్న ఊరికి నిప్పుల నృత్యం చూడాలని వెళ్లాను. వీధిలో ఇద్దరు ముసలివాళ్లు, ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. ఆ ఊరు పాత లెక్క ప్రకారం జూన్ 3న పండుగ చేసుకుంటుందని వాళ్లే చెప్పారు. అందుకే ఏ పండుగ తేదీ విన్నా, అది ఏ ఊరి తేదీ అని మరోసారి అడిగి తెలుసుకో.

ఆ మరుసటి ఏడాది జూన్ 3న మళ్లీ వెళ్లాను. ఆ రాత్రిని ఇప్పటికీ మరవలేను కనుక కొంచెం వివరంగా రాస్తాను. పగలంతా ఊరివాళ్లు సాధువుల చిత్రపటాలను ఎర్రని గుడ్డల్లో అలంకరించి, డోలు, గైడా అనే తోలుతిత్తి వాద్యం వెంట రాగా ఊరి బయటి పవిత్రమైన ఊట దగ్గరకు ఊరేగింపుగా వెళ్లి వచ్చారు. సాయంత్రం ఊరి నడుమ పెద్ద మంట వేశారు. కట్టెలు పూర్తిగా కాలి బొగ్గులయ్యాక వాటిని పొడవాటి కర్రలతో గుండ్రంగా పరిచారు. అప్పటిదాకా మాట్లాడుకుంటున్న జనమంతా ఒక్కసారిగా మౌనమయ్యారు. డోలు మీద ఒకే తీరు దెబ్బ మొదలైంది, జనం ఆ నిప్పుల చుట్టూ వలయంగా నెమ్మదిగా కదిలారు, నెస్తినారి అనే ఆ నర్తకులు చిత్రపటాన్ని రెండు చేతులా ఎత్తిపట్టుకుని చెప్పులు లేని కాళ్లతో నిప్పుల్లోకి దిగారు. నేను నిలబడిన చోటికి ఆ వేడి ముఖానికి తగులుతూనే ఉంది. వాళ్ల అడుగులు మాత్రం చిన్నగా, చకచకా, మట్టి నేల మీద పడుతున్నట్టే పడుతున్నాయి. మన జాతరల్లో నిప్పుల గుండం తొక్కడం చూస్తూ పెరిగినవాడిని కనుక నాకు ఆ భక్తి పరాయిదిగా అనిపించలేదు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల బల్గేరియా, గ్రీసు ఊళ్లు 30 దాకా ఈ ఆచారాన్ని పాటించేవట. ఇప్పుడు బల్గేరియాలో అది తన అసలు రూపంలో నిలిచింది ఈ ఒక్క ఊళ్లోనే. 2009లో యునెస్కో దీన్ని మానవాళి సంప్రదాయ వారసత్వాల జాబితాలో చేర్చింది.

సముద్రతీరంలోని విహార పట్టణాల్లో భోజనంతో పాటు నిప్పుల నృత్యం చూపించే చోట్లు ఉన్నాయి. ఆ ప్రదర్శనలను చూసి పండుగ చూశానని అనుకోకు. బల్గరి ఊళ్లో పండుగనాడు వేలమంది చేరతారు, ఊళ్లో ఉండే ఇళ్లు బహు తక్కువ. సముద్రతీరంలోని త్సారెవో పట్టణంలోనో, బుర్గాస్ నగరంలోనో గది తీసుకుని కారు అద్దెకు తీసుకో. అర్ధరాత్రి తిరిగి రావడానికి బస్సుల మీద ఆధారపడకు. ముందు వరుసలో నిలబడాలంటే సాయంత్రం వెలుతురు ఉండగానే వలయం దగ్గర చోటు చూసుకో. ఫోన్ వెలుగు నర్తకుల ముఖాల మీద పడకుండా చూసుకో, అది వాళ్లకు పూజావేళ.

జూన్ మొదటి వారంలోనే మరో రెండు విషయాలు కలిసి వస్తాయి కనుక, నన్ను ఒకే సమయం ఎంచుకోమంటే నేను ఆ వారాన్నే ఎంచుకుంటాను. 1876లో తురుష్క పాలన మీద తిరగబడి ప్రాణాలిచ్చిన కవి హ్రిస్తో బోతెవ్‌ను, స్వేచ్ఛ కోసం చనిపోయిన మిగతావారినీ తలచుకుంటూ జూన్ 2 మధ్యాహ్నం సరిగ్గా 12 గంటలకు దేశమంతటా సైరన్లు మోగుతాయి. నడిచేవాళ్లు నడిచినచోటే ఆగిపోతారు, కార్లు నిలిచిపోతాయి. నువ్వు ఎక్కడ ఉన్నా ఆ కాసేపూ నిలబడు. ఆపైన జూన్ మొదటి వారాంతంలో కజన్లాక్ పట్టణంలో గులాబీల పండుగ జరుగుతుంది. 1903 నుంచి ఉన్న పండుగ అది.

కజన్లాక్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే అక్కడికి వెళ్లే చాలామంది అసలు విషయాన్ని చూడకుండానే తిరిగి వస్తారు. స్టారా ప్లానినా, స్రెద్నా గోరా అనే రెండు పర్వతశ్రేణుల నడుమ ఉన్న లోయ అది. గులాబీ కోత మే నెలలో మొదలై జూన్ నడుమ దాకా సాగుతుంది. పట్టణంలో ఊరేగింపు, గులాబీ రాణి కిరీటధారణ చూడదగినవే. కానీ నువ్వు తప్పనిసరిగా చూడవలసింది తెల్లవారుజామున పొలంలో జరిగే కోత. ఎండ ఎక్కితే పువ్వులోని తైలం ఎగిరిపోతుంది కనుక మంచు తడి ఆరకముందే కోస్తారు. పువ్వును రేకల కింద తొడిమ దగ్గర పట్టి మెల్లగా మెలిపెడితే చేతిలోకి వస్తుంది, గట్టిగా లాగితే ముల్లు దిగుతుంది. అరగంటలో నీ వేళ్ల నుంచి వచ్చే వాసన సాయంత్రం దాకా పోదు. సుమారు 3 నుంచి 4 టన్నుల పూలు పడితేగాని ఒక కిలో తైలం దిగదంటే, అది ఎందుకంత ఖరీదో అర్థమవుతుంది. అందుకే అంగళ్లలో చవకగా అమ్మే చెక్క బుడ్డీలను చూసి అదంతా అచ్చమైన గులాబీ తైలమని నమ్మకు. గులాబీ నీరు, మన గుల్కందు లాంటి గులాబీ జామ్ కొనుక్కుంటే డబ్బు సార్థకమవుతుంది. బసకు మాత్రం చాలా ముందుగా చూసుకోవాలి. సోఫియా నుంచి బుర్గాస్ వెళ్లే రైలు మార్గాల్లో ఒకటి ఈ కజన్లాక్ మీదుగానే పోతుంది కనుక, బుర్గాస్ వైపు నుంచి వస్తూ ఇక్కడ దిగి, తర్వాత సోఫియా చేరడం వీలైన ప్రయాణం. 2027లో జూన్ 3 గురువారం అవుతుంది, ఆ శని, ఆదివారాలు 5, 6 తేదీలు. ఇంతకంటే చక్కగా కుదరడం కష్టం.

చలికి జంకవు అనుకుంటే జనవరి కూడా మంచిదే. సోఫియాకు 30 కిలోమీటర్ల దూరంలోని పెర్నిక్ పట్టణంలో జనవరి ఆఖరి వారాంతంలో ముసుగు వేషాల అంతర్జాతీయ పండుగ జరుగుతుంది, దాన్ని 1966లో మొదలుపెట్టారు. మేకతోళ్లు కప్పుకుని, కొమ్ములూ ఈకలూ ఉన్న ముసుగులు తొడిగి, నడుముకు బరువైన గంటలు కట్టుకుని వేషధారులు కదులుతుంటే ఆ మోతకు ఎదురుగా ఉన్నవాడి మాట వినబడదు. చెడును తరిమి, పంటనూ ఆరోగ్యాన్నీ పిలవడమే వాళ్ల ఉద్దేశం. అది చూడటానికి గొప్పగా ఉంటుంది గాని, నా మనసు మాత్రం పెర్నిక్ చుట్టూ ఉన్న పల్లెల్లో జనవరి 13, 14 తేదీల్లో జరిగే సురోవా వైపే మొగ్గుతుంది. పాత లెక్క ప్రకారం అది కొత్త సంవత్సరం. 13 రాత్రి ఊరి నడుమ మంటలు వేస్తారు. మర్నాడు పొద్దున్నే వేషాలతో ఇంటింటికీ తిరుగుతారు, వాళ్లలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, పూజారి, ఎలుగుబంటి ఉంటారు. ఎలుగు మీద పడి కాస్త నలిపితే ఏడాదంతా ఆరోగ్యమని నమ్మకం. ఆ ఇళ్లలో ఇచ్చిన కానుకలను తర్వాత పేదలకు, అనాథలకు పంచుతారు. అదే రోజుల్లో మన ఊళ్లో భోగిమంటలు, హరిదాసులు, గంగిరెద్దులు తిరుగుతాయని నేను అక్కడివాళ్లకు చెబితే, ఒక ముసలమ్మ నా చేయి పట్టుకుని తన ఇంట్లోకి తీసుకువెళ్లి కూర్చోబెట్టింది. అప్పుడు చలి సున్నాకు దిగువన ఉంటుంది, అడుగున పట్టు ఉన్న బూట్లు లేకుండా వెళ్లకు.

మార్చి 1 గురించి రెండు మాటలు. ఆ రోజు దేశమంతా ఒకరికొకరు మార్తెనిత్స అనే ఎరుపు, తెలుపు దారాలు ముంజేతికి కట్టుకుంటారు, మనం వ్రతాలకు తోరం కట్టుకున్నట్టే. మార్చి నెలను మాట నిలకడ లేని ముసలి అవ్వగా భావించి బాబా మార్తా అంటారు. ఎవరైనా నీకు కడితే 'చెస్తితా బాబా మార్తా' అని చెప్పి, నువ్వూ వాళ్లకు ఒకటి కట్టు. కొంగనో, వానకోయిలనో, పూసిన చెట్టునో చూసేవరకు దాన్ని తీయకూడదు, చూశాక ఆ చెట్టు కొమ్మకే కట్టేస్తారు. ఏప్రిల్‌లో పార్కుల్లోని చెట్లన్నీ ఎర్ర, తెల్ల దారాలతో కనిపిస్తాయి.

ఈస్టర్ ఏటా మారుతుంది. 2027లో మే 2న వస్తుంది. శనివారం అర్ధరాత్రి చర్చి ముందు నిలబడి, పూజారి తెచ్చిన జ్యోతి నుంచి నీ కొవ్వొత్తి వెలిగించుకో. ఎవరైనా 'హ్రిస్తోస్ వోస్‌క్రెసె' (క్రీస్తు లేచాడు) అని పలకరిస్తే 'వోఇస్తినా వోస్‌క్రెసె' (నిజంగా లేచాడు) అని బదులివ్వాలి. మే 6న వచ్చే సెయింట్ జార్జ్ పండుగ పెద్దదే అయినా, ఆ రోజు ప్రతి ఇంట్లోనూ గొర్రెపిల్ల మాంసమే ప్రధానం కనుక శాకాహారివైన నీకు ఇబ్బంది కావచ్చు. మే 24న మాత్రం బయటికి రా. అక్షరాలకు పండుగ చేసుకునే దేశం అది. స్లావిక్ భాషలకు లిపి కూర్చిన సిరిల్, మెథోడియస్ సోదరుల పేరిట బడిపిల్లలు పూలదండలతో, వాద్యాలతో ఊరేగుతారు.

భోజనం సంగతి వచ్చింది కనుక ఒక్క మాట నేర్చుకో: 'పోస్ట్నో'. ఉపవాస దినాల్లో తినే, మాంసం, గుడ్లు, పాలు లేని వంట అని అర్థం. ఆ మాట చెబితే పల్లెలోనైనా చిక్కుళ్ల పులుసో, అన్నం కూరిన ఆకుచుట్టలో పెడతారు. అక్కడ తల అడ్డంగా ఊపితే అవునని, పైకీ కిందికీ ఊపితే కాదని. పొరపాటు రాకుండా 'దా', 'నె' అని నోటితోనే చెప్పు. ఎవరింటికైనా పూలు తీసుకువెళితే బేసి సంఖ్యలోనే తీసుకువెళ్లు, సరి సంఖ్య చావుకు. హోరో అనే వలయ నృత్యంలో చేరాలనిపిస్తే తప్పక చేరు, కానీ తోక చివర చేరాలి. ముందు నడిపేవాడి పక్కన దూరకూడదు.

ఇక డిసెంబరు 24 రాత్రి. అది వీధిలో జరిగే పండుగ కాదు, ఇంట్లో జరిగేది కనుక ఎవరైనా పిలిస్తేనే వెళ్లగలవు. ఆ రాత్రి బల్లమీద పోస్ట్నో వంటలే ఉంటాయి, వాటి సంఖ్య ఏడో, తొమ్మిదో, పదకొండో, ఏదైనా బేసిగా ఉండాలి. పెద్దాయన సాంబ్రాణి ధూపం వేసి, నాణెం దాచిన గుండ్రని రొట్టెను విరుస్తాడు. మొదటి ముక్క మేరీమాతకు, తర్వాతిది ఇంటికి, ఆ తర్వాత వయసు వరుసలో అందరికీ. ఒక్కొక్కరూ ఒక్కో అక్రోటుకాయ పగలగొట్టి గింజ బాగుందా లేదా చూసుకుంటారు. భోజనం ముగిసేదాకా ఎవరూ లేవరు, రాత్రంతా బల్ల సర్దరు, పోయిన పెద్దలు వచ్చి తింటారని. మన పెద్దలకు మహాలయ పక్షంలో పెట్టే విస్తరి నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. నా పాత సహోద్యోగి ఇంట్లో ఆ బల్లకు నీకు చోటు ఇప్పించగలను, వాళ్లు కాదనరు.

2025 జనవరి 1 నుంచి బల్గేరియా పూర్తిగా షెంగెన్ ప్రాంతంలో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న ఐరోపా దేశాల కూటమిలో, ఉంది కనుక షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2026 జనవరి 1 నుంచి డబ్బు కూడా యూరోయే, అక్కడి పాత నాణ్యమైన లెవాలు ఎవరైనా ఇస్తే తీసుకోకు. జూన్ ఎంచుకుంటావో, క్రిస్మస్ ఎంచుకుంటావో వచ్చే నెలాఖరులోగా రాయి. జూన్ అయితే కజన్లాక్‌లో గది కోసం నేనే ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య