లారీ రాష్ట్రం దాటకపోయినా, సరుకు దాటి వచ్చిందా చూసుకోండి

మీ అబ్బాయికి 19 ఏళ్లు, టెక్సాస్ సీడీఎల్ (భారీ లారీలు నడపడానికి ఇచ్చే వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సు) చేతికొచ్చింది. హ్యూస్టన్ రేవు నుంచి డాలస్ కిరాణా దుకాణాలకు బియ్యం, పప్పులు తోలించాలనుకుంటున్నారు. లారీ టెక్సాస్ దాటదు కాబట్టి రాష్ట్ర నిబంధనలు చాలు కదా అని మీ ప్రశ్న. చాలవండి. దయచేసి ఇప్పుడే పంపకండి.

టెక్సాస్‌లో 18 ఏళ్లకే సీడీఎల్ ఇస్తారు. కానీ 21 నిండని వారి లైసెన్సు మీద 'కె' అనే ఆంక్ష ఉంటుంది. రాష్ట్రం లోపలి రవాణాకే అది చెల్లుతుంది. అయితే లారీ ఎక్కడ తిరిగిందన్నది ఒక్కటే కాదు, సరుకు ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరాలన్నది కూడా చూస్తారు. ఇండియాలో ఓడ ఎక్కించేటప్పుడే ఆ బియ్యం ఫలానా డాలస్ దుకాణానికని ఖాయమైతే, హ్యూస్టన్ నుంచి మీరు తోలేది ఆ ప్రయాణంలో చివరి మజిలీ మాత్రమే. దానికి ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) నిబంధనలు వర్తిస్తాయి, డ్రైవరుకు 21 నిండాలి. అదే సరుకు ఎవరికన్నది తేలకుండా హ్యూస్టన్ గోదాములో దిగి, ఆ తర్వాత డాలస్ దుకాణం ఆర్డరు పెడితే సంగతి వేరు కావచ్చు. అప్పుడు ఆర్డరు కాగితాల మీది తేదీలే మీకు ఆధారం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా అనుభవమే. 2021లో 26 అడుగుల బాక్సు ట్రక్కు కొన్నాను. సరుకుతో కలిపి దానికి అనుమతించిన గరిష్ఠ బరువు 26,001 పౌండ్లకు లోపే కాబట్టి సీడీఎల్ అవసరం లేదు. సీడీఎల్ లేకపోతే మిగతా నిబంధనలూ ఉండవనుకున్నాను. ఓక్లహోమాకు లోడుతో వెళ్తుంటే తూకం దగ్గర ఆపి మెడికల్ సర్టిఫికెట్ అడిగారు. నా దగ్గర లేదు. రాష్ట్రాల మధ్య సరుకు తోలే బండి 10,001 పౌండ్లు ఉంటే చాలు, డ్రైవరు అర్హత నిబంధనలన్నీ వర్తిస్తాయని ఆ అధికారే ఓపికగా వివరించారు.

కొన్ని నెలలకు కొత్త సంస్థలకు జరిగే భద్రతా తనిఖీ వచ్చింది. యజమానిని నేనే, డ్రైవరునూ నేనే. అయినా నా పేరిట డ్రైవరు అర్హత ఫైలు చూపించమన్నారు. దరఖాస్తు, లైసెన్సు ఇచ్చిన రాష్ట్రం నుంచి డ్రైవింగ్ రికార్డు, గత మూడేళ్ల యజమానుల నుంచి వాకబు, రోడ్డు పరీక్ష పత్రం, మెడికల్ సర్టిఫికెట్ అందులో ఉండాలి. డ్రైవింగ్ రికార్డును ఏటా మళ్లీ తెప్పించాలి. రోడ్డు పరీక్ష పత్రానికి బదులు సీడీఎల్ నకలు పెట్టవచ్చు. మెడికల్ సర్టిఫికెట్‌ను మన కుటుంబ వైద్యులందరూ ఇవ్వలేరు, ఫెడరల్ జాబితాలో పేరున్న వారే ఇవ్వాలి. ఎక్కువలో ఎక్కువ రెండేళ్లకు ఇస్తారు. నాకు రక్తపోటు ఉండటంతో ఏడాదికే ఇచ్చారు.

మీ అబ్బాయిది సీడీఎల్ కాబట్టి ఇంకొకటి ఉంది. బండి ఎక్కించే ముందు, ఆ తర్వాత ఏటా, మత్తుపదార్థాల పరీక్షల ఉల్లంఘనలు నమోదయ్యే క్లియరింగ్‌హౌస్‌లో అతని పేరు సరిచూడాలి. సొంత కొడుకైనా మినహాయింపు లేదు.

21 నిండేదాకా టెక్సాస్‌లోనే పండి టెక్సాస్‌లోనే అమ్ముడయ్యే కూరగాయల లోడ్లు చూడండి. అది కూడా బీమా ఏజెంటుతో మాట్లాడాకే. మా తమ్ముడి కొడుకుకు 20 ఏళ్లని చెప్పగానే, అతని పేరు పాలసీలో చేర్చడానికి మా ఏజెంటు ఒప్పుకోలేదు.