ముందు ఆ రెండు నోడ్ల లెక్క

చిరంజీవి మేనకోడలికి, అనంతపురం నుంచి మామ ఆశీస్సులు.

ఒకే వైర్‌లెస్ ఛానెల్ కోసం పోటీపడే నోడ్ల (రేడియో పరికరాల) మీద, గేమ్ థియరీతో నువ్వు చేస్తున్న ఎం.టెక్ ప్రాజెక్టు రాత రెండుసార్లు చదివాను. ఇరవై నోడ్లు, రంగురంగుల గ్రాఫులు అన్నీ ఉన్నాయి. ప్యాకెట్ (డేటా ముక్క) పంపినందుకు నోడ్‌కు అయ్యే ఖర్చు మాత్రం ఎక్కడా లేదు. నేనూ తొలిసారి ఇదే తప్పు చేసి ఆర్నెల్లు పోగొట్టుకున్నాను. అందుకే ఇంత పట్టుబట్టి రాస్తున్నా.

ఖర్చే లేకపోతే ఎవరైనా ఎందుకు ఆగుతారు? అందరూ ప్రతి స్లాట్‌లోనూ, అంటే పంపడానికున్న ప్రతి చిన్న కాలపు ముక్కలోనూ పంపుతారు, ఒకేసారి పంపినవన్నీ ఢీకొని పోతాయి. మన జిల్లాలో బోర్ల సంగతి నీకు తెలుసు. పక్క చేనాయన ఇంకో వంద అడుగులు దించాడని మనమూ దించుతాం, చివరికి అందరి బోర్లూ ఎండుతాయి. అయినా ఎవరి లెక్క వాళ్లకు సరైనదే. ఒక్కడు తన పద్ధతి మార్చుకుంటే వాడికి ఒరిగేదేమీ లేని స్థితి అది. గణితవేత్త జాన్ నాష్ 1950లో చెప్పిన సమతౌల్యం అదే.

రెండు నోడ్లతో కాగితం మీద మొదలుపెట్టు. ప్యాకెట్ చేరితే లాభం 1, పంపిన ప్రతిసారీ బ్యాటరీ ఖర్చు 0.2 అనుకో. అవతలి నోడ్ 0.8 సంభావ్యతతో పంపుతుంటే, ఇవతలిది పంపినా ఆగినా ఒకటే: అవతలిది ఆగే అవకాశం 0.2 కాబట్టి సగటున వచ్చేది 0.2, పోయేది 0.2. అలా రెండూ 0.8 దగ్గర నిలబడతాయి, సగటున చేతిలో మిగిలేది సున్నా. అదే రెండూ 0.5కు కట్టుబడితే స్లాట్‌కు ఒక్కోదానికి 0.15 మిగులుతుంది. నీ ప్రాజెక్టు నిలబడేది ఈ తేడా మీదే.

ఒకటి ఎప్పుడూ పంపుతూ, రెండోది ఎప్పుడూ ఊరుకున్నా అదీ సమతౌల్యమే. ఛానెల్ నిండుగా వాడినట్టు కనిపిస్తుంది, రెండోదాని నోట మన్ను. అందుకని మొత్తం త్రూపుట్ (చేరిన ప్యాకెట్ల లెక్క) ఒక్కటే చూపించి సరిపెట్టకు.

మరి 0.5 మాట ఎవరు నిలబెట్టాలి? చెరువు కింద అయితే వంతులు చూడటానికి నీరుగంటి ఉండేవాడు. మామూలు వైఫైలో ఎవరి బ్యాకాఫ్ (పంపేముందు కాసేపు ఆగే నియమం) వాళ్లే పాటించాలి. 802.11జీ అనే వైఫై ప్రమాణంలో ఢీకొన్న కొద్దీ విండో, అంటే ఆగే స్లాట్ల సంఖ్యను ఎంచుకునే పరిధి, 15, 31, 63 అంటూ 1023 దాకా పెరగాలి. ఒక వైఫై కార్డు మొండికేసి 15 దగ్గరే కూర్చుంటే మిగతావాటి వాటా తినేస్తుంది. పదేపదే ఆడే ఆటగా రాస్తే శిక్ష పెట్టొచ్చు, మిగతావి కూడా కొంతసేపు విండో తగ్గిస్తాయి. కానీ ప్యాకెట్ పోయింది మోసం వల్లా, సిగ్నల్ బలహీనపడా అన్నది నోడ్‌కు సులువుగా తెలియదు. తప్పు చేయనిదాన్ని శిక్షించే ప్రమాదం కూడా మోడల్‌లో పెట్టు. మీ గైడ్ అడగకపోయినా పెట్టు.

ఆదివారం వస్తావుగా, ల్యాప్‌టాప్ వద్దు, ఆ కాగితం తీసుకురా. ఖర్చు 0.2 బదులు 0.6 అయితే 0.8 ఎక్కడికి జరుగుతుందో వేసి చూపించు. అత్త నీకోసం ఓళిగలు చేస్తానంటోంది.