అబ్బాయి నర్సింగ్ చేస్తానంటే వద్దనాలా?

జగిత్యాల నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు ఇంటర్ బైపీసీ. నీట్‌లో సీటు రాలే. బీఎస్సీ నర్సింగ్ చేస్తా అంటున్నడు. అది ఆడపిల్లల కోర్సు గదా మేడమ్, చుట్టాలు నవ్వుతున్నరు, రేపు పిల్లనెవరిస్తరు?"

అన్నా, నమస్తే. మీ మెసేజ్ రెండుసార్లు చదివాను, అందులో కాలేజీ గురించి గానీ జీతం గురించి గానీ ఒక్క ముక్క లేదు, మొత్తం నలుగురేమనుకుంటారో అన్న బాధే ఉంది. ఇదే కోర్సు ఆడపిల్ల అడిగితే చాలా ఇళ్లల్లో నైట్ డ్యూటీలు, మగ పేషెంట్లు, వద్దమ్మా అంటారు. అబ్బాయి అడిగితే ఆడోళ్ల పని అంటారు. మరి మంచాన పడ్డ మనిషిని ఎవరు చూడాలి చెప్పండి?

మా నాన్నకి పక్షవాతం వచ్చి హాస్పిటల్‌లో ఉన్నప్పుడు యూరిన్ పైపు మార్చడానికి సిస్టర్ వస్తే మొహం గోడవైపు తిప్పేసుకునేవారు, పాపం ఆమె ఎంత మర్యాదగా చేసినా సరే. రాత్రి డ్యూటీకి ఒక కుర్రాడు వచ్చేవాడు, వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి దుప్పటి అంచు పట్టుకుని "పెద్దాయనా, ఇటు తిరుగుదామా" అంటూ మెల్లగా ఒత్తిగిలించేవాడు. ఆ అబ్బాయి సెలవు పెట్టిన రాత్రి నాన్నకి కంటి మీద కునుకు లేదు.

అలా అని అంతా బాగుంటుందని చెప్పను. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి నార్సెట్ అనే పోటీ పరీక్ష రాయాలి, ఆ పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్లకి, మగవాళ్లకి 20 శాతమే, అంటే పోటీ చాలా గట్టిది. వస్తే మాత్రం నెలకి బేసిక్ జీతం 44,900 రూపాయలు. మిలిటరీ నర్సింగ్ ఆడవాళ్లకే. చిన్న ప్రైవేట్ హాస్పిటళ్లలో మొదట్లో జీతం తక్కువే, ఐసీయూ, డయాలసిస్ లాంటి చోట్ల పని నేర్చుకుంటే మెల్లగా పెరుగుతుంది. జర్మనీ వెళ్లాలనుంటే ఆ భాష బీ2 అనే స్థాయి దాకా నేర్చుకోవాలి, మన దగ్గర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ వాళ్లు ఆ దారి చూపిస్తున్నారు, ఏజెంట్లకి డబ్బు కట్టే ముందు అక్కడ అడగండి.

కాలేజీ విషయంలో తొందరపడొద్దు. అబ్బాయిలని తీసుకుంటారో లేదో ముందే కనుక్కోండి, కొన్ని ఆడపిల్లలకే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, సొంత హాస్పిటల్ ఉందా చూడండి. బోర్డు చూసి నమ్మకండి, పొద్దున పదకొండింటికి వార్డులోకి వెళ్లి మంచాల మీద పేషెంట్లు ఉన్నారా లేదా మీ కళ్లతో చూడండి, ఖాళీ మంచాల దగ్గర పిల్లలు ఏం నేర్చుకుంటారు?

పెళ్లి సంగతి అప్పుడే ఎందుకన్నా, వాడికి పద్దెనిమిదేళ్లు. మళ్లీ నీట్ రాయమని ఇష్టం లేని లాంగ్ టర్మ్ కోచింగ్‌లో రెండేళ్లు కూర్చోబెడితే వాడు మీతో మాట్లాడటం మానేస్తాడేమో, నా భయం అది.

తెలిసినవాళ్లెవరైనా హాస్పిటల్‌లో ఉంటే ఒక రాత్రి వాణ్ణి తోడుగా పడుకోమనండి. వాంతులు, రక్తం, ఏడుపులు అన్నీ చూడనివ్వండి. తెల్లారి బయట టీ తాగుతూ మీరిద్దరే ఉన్నప్పుడు అడగండి, అత్తమ్మల ముందు, బాబాయిల ముందు కాదు. అప్పటికీ చేస్తా అంటే మొదటి ఫీజు కట్టడానికి మీరే వెంట వెళ్లండి అన్నా.