ఆ అప్రైజల్ లెటర్ చూసి రాజీనామా పంపకు

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడ్చింది ఇంకా నా చెవుల్లోనే ఉంది. "నాలుగేళ్ల నాలుగు నెలలు చేశాను మావయ్యా, నా తర్వాత వచ్చినోడికి ప్రమోషన్ ఇచ్చేశారు. ఏటి చెయ్యమంటావు?" అన్నావు. రాజీనామా టైపు చేసి డ్రాఫ్టుల్లో పెట్టుకున్నానన్నావు. దాన్ని అక్కడే ఉండనీ.

ముందు డబ్బు సంగతి. కోపంలో మొదట మర్చిపోయేది అదే. మందుల కంపెనీ ల్యాబ్‌లో నీది పర్మినెంటు ఉద్యోగం, డిసెంబరుకి ఐదేళ్లు నిండుతాయి. అప్పుడు గ్రాట్యుటీకి, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బుకి, హక్కు వస్తుంది. చివరి నెల జీతంలో లెక్కకొచ్చే భాగాన్ని (ముఖ్యంగా బేసిక్, డీఏ) 26తో భాగించి, 15తో హెచ్చించి, దాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేస్తే వచ్చే మొత్తం అది. ఇంకో ఎనిమిది నెలల్లో హక్కుగా మారే డబ్బుని ఒక్క రాత్రి కోపానికి ఎందుకు వదులుకుంటావు?

నీకు అన్యాయం జరగలేదని నేననను. నాకూ జరిగింది. నేను పనిచేసిన మందుల కంపెనీలో సెక్షన్ హెడ్ పోస్టు నాకే వస్తుందని అందరూ అనుకున్నారు. చివరికి మా బాస్ ఊరివాడికి వచ్చింది. బాస్ ఇంట్లో శుభకార్యమైతే పంక్తిలో వడ్డించేదీ అతనే. ఎనిమిది నెలలు మూతి ముడుచుకుని తిరిగాను. క్యాంటీన్లో వేరే బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. కొత్తగా చేరిన పిల్లలు క్రొమటోగ్రామ్ (మందు పరీక్షలో యంత్రం గీసే గ్రాఫు) పట్టుకుని సందేహం అడగడానికొస్తే "మీ హెడ్‌నే అడగండి" అని పంపేసేవాణ్ణి. వాళ్లనలా తిప్పి పంపినందుకు ఇప్పటికీ బాధే. ఆ తర్వాత ఒకరోజు ప్లాంట్ హెడ్ గేటు దగ్గర కలిసి, "మీ పేరు మీటింగ్‌లో వచ్చిందండీ. మీరేం చేస్తారో తెలిసినవాడు ఆ గదిలో మీ బాస్ ఒక్కడే. ఆయన నోరు విప్పలేదు" అన్నారు.

ఆ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బావుండేది. అందుకే నీకు చెబుతున్నాను. లెటర్ ఏప్రిల్‌లో వస్తుంది గానీ, చాలా కంపెనీల్లో పేర్లు నలిగేది అంతకు రెండు మూడు నెలల ముందే. పెద్దలంతా ఒక గదిలో కూర్చుంటారు. పై రేటింగు ఇంతమందికే అని ముందే గీత గీసి ఉంటుంది. ఎవరి మనిషి కోసం వాళ్లు మాట్లాడతారు. నీ బాస్ మాట్లాడకపోతే ప్రొడక్షన్ వైపు నుంచో, క్యూఏ (నాణ్యత చూసే విభాగం) వైపు నుంచో "ఆ అమ్మాయి వల్లే మా బ్యాచ్ గట్టెక్కింది" అనే మాట ఒకటి రావాలి.

ఫిబ్రవరిలో ఏం జరిగిందో నువ్వే చెప్పావు కదా. గ్రాఫులో పీక్ ఉండాల్సిన చోటు నుంచి జరిగి వస్తోందని అందరూ యంత్రంలోని కాలమ్ (గొట్టం) మార్చి చూస్తుంటే, నువ్వు పరీక్షకి వాడే బఫర్ ద్రావణం చేసిన లాగ్‌బుక్ తిరగేసి దాని పీహెచ్ (ఆమ్లత కొలత) దగ్గర తేడా పట్టుకున్నావు. రిపోర్టూ నువ్వే రాశావు. మీటింగ్‌లో స్లైడ్ ముందు నిలబడి చెప్పింది మాత్రం నీ తర్వాత వచ్చిన ఆ అబ్బాయి. "నాకు అందరి ముందు మాట్లాడాలంటే టెన్షన్ మావయ్యా, అతన్నే చెప్పమన్నాను" అన్నావు. మన జిల్లా పిల్లల్లో ఈ మొహమాటం ఎక్కువ. పని మనం చేస్తాం, మాట ఇంకొకరికి వదిలేస్తాం. వచ్చేసారి నువ్వే నిలబడు. గొంతు వణికినా ఫర్వాలేదు, లెక్క సరిగ్గా ఉంటే వింటారు. దాన్ని కాకా పట్టడం అనుకోకు. నువ్వు చేసిన పనిని నువ్వు చెప్పుకుంటున్నావు, అంతే.

ఒక పొడుగు నోటుబుక్ కొను. కంపెనీ కాగితాలు, డేటా అందులోకి ఎక్కించకు. ప్రతి శనివారం నాలుగు లైన్లు చాలు: ఏం పట్టుకున్నావు, ఎన్ని రోజుల్లో ముగించావు, ఎవరికి నేర్పావు. సెల్ఫ్ అప్రైజల్ రాసే రోజున బుర్ర గోక్కోనక్కర్లేదు.

ఒక వారం ఆగి బాస్ దగ్గరికి ఒక్కదానివే వెళ్లు. ఆ అబ్బాయి పేరు ఎత్తకు. "వచ్చే ఏడాది నా పేరు మీరు పెట్టాలంటే నాలో ఇంకేం చూడాలి సార్?" అని అడుగు. ఏం చెప్పినా రాసుకుని, సాయంత్రానికల్లా "మీరు చెప్పినవి ఇవి" అని ఆయనకే మర్యాదగా మెయిల్ పెట్టు. నోటి మాట మర్చిపోవచ్చు, మెయిల్ ఉంటుంది.

ఆయన మెప్పు కోసం మాత్రం ఒక పని ఎన్నడూ చేయకు. నువ్వు కళ్లతో చూడనిదానికి "చెక్డ్ బై" దగ్గర సంతకం పెట్టకు, వెనకటి తేదీ వేయకు. "మనవాళ్లేలే, పెట్టెయ్" అని చనువుగానే అడుగుతారు. రేపు ఆడిట్‌లో ఆ పేజీ తెరిస్తే అక్కడ ఉండేది నీ పేరే. ఆ మాత్ర మింగేది ఎవరో ముసలమ్మ, అది కూడా తలుచుకో.

ఇంకో మాట, ఆడపిల్లవి కాబట్టి చెప్పాలి. ప్రమోషన్ ఆశ చూపి ఎవరైనా వెకిలిగా మాట్లాడినా, ఇంకేదైనా కోరినా అది ఆఫీసు రాజకీయం కాదు, 2013 చట్టం కింద లైంగిక వేధింపు. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా ఇలాంటి ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ ఉండాలి, అది జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నాకు చెప్పడానికి సిగ్గుపడకు.

ఇవన్నీ చేసినా వచ్చే ఏప్రిల్‌లోనూ ఇదే లెటర్ వస్తే, అప్పుడు నేనే వెళ్లిపొమ్మంటాను. పరవాడ ఫార్మాసిటీ ఉంది, హైదరాబాద్ ఉంది. ఇంకో ఆఫర్ చేతికొచ్చాకే కాగితం పెట్టు, పీఎఫ్ డబ్బు తీసేయకుండా పాత యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కిందకే మార్పించుకో.

రేపు పొద్దున డే అండ్ నైట్ జంక్షన్లో బస్సెక్కితే అతనూ ఉంటాడు కదా. కంగ్రాట్స్ చెప్పు. ఈ ఆదివారం సెలవైతే అరసవల్లి రా, దర్శనం చేసుకుని ఇంటికి వెళ్దాం. పోయినేటి లెటరు, ఈ ఏటి లెటరు రెండూ పట్టుకురా, పక్కపక్కన పెట్టి చూద్దాం.

నీ మావయ్య